ప్రోగ్ రాక్ జాబితా ఆల్బమ్‌ల వారీగా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం సంచికలో ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్) బ్యాండ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఆ సంగీతానికి ఒక పూర్తి పేజీ ఇచ్చినందుకు చాలా సంతోషం. కానీ పక్కన వేసిన జాబితా మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బేసి తాళాలు, 20 నిమిషాల పాటలు, ఆల్బమ్ అంతా ఒకే కథ. ఈ మూడింటిలో రెండు ఉంటే ప్రోగ్, లేకపోతే కాదని వ్యాసకర్త తేల్చేశారు. 80ల్లో పాప్ పాటలు చేశారని జెనెసిస్ బ్యాండ్‌ను జాబితాలోంచి కొట్టేశారు, జాజ్, రాక్ కలిపి వాయించిన మహావిష్ణు ఆర్కెస్ట్రాను చేర్చారు.

నేను మృదంగం నేర్పుతాను. వాల్తేరులో చదువుకునే రోజుల్లో హాస్టల్ సీనియర్ దగ్గర కాపీ చేసుకున్న క్యాసెట్లతో ఈ సంగీతం నాకు పట్టుబడింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు డ్రమ్స్ కూడా వాయిస్తారు. ఫోన్లో టూల్, డ్రీమ్ థియేటర్ లాంటి బ్యాండ్ల పాటేదో పెట్టి, "సార్, ఇది ఏడులో (ఏడు లెక్కల తాళంలో) ఉంది, అంటే ప్రోగే కదా" అంటారు. అందుకే తాళం సంగతి ముందు చెప్తాను.

ఏడు లెక్కల మిశ్రచాపు తాళం వాయించడం వచ్చిన ఏ కుర్రాడైనా పింక్ ఫ్లాయిడ్ 'మనీ'కి ఇట్టే లెక్క పట్టేస్తాడు. 1973 నాటి ఆ పాటలో సాక్సఫోన్ సోలో ఏడులోనే నడుస్తుంది, గిటార్ సోలో దగ్గర నాలుగులోకి మారుతుంది. బాగుంటుంది. అయితే ఏడులో ఉండటమే గుర్తయితే, బీటిల్స్ 1967లో చేసిన 'ఆల్ యు నీడ్ ఈజ్ లవ్' చరణాలూ ఎక్కువగా ఏడులోనే ఉన్నాయి. పీటర్ గేబ్రియల్ జెనెసిస్ నుంచి బయటికొచ్చాక 1977లో చేసిన 'సాల్స్‌బరీ హిల్' దాదాపు మొత్తం ఏడే. రెండూ హాయిగా పాడుకునే మంచి పాటలు. వాటిని ప్రోగ్ అనాల్సిన అవసరం ఏముంది?

నిడివీ అంతే. ఐరన్ బటర్‌ఫ్లై 1968లో ఎల్పీ ఒక వైపంతా నింపిన పాట 17 నిమిషాలు. ఒక రిఫ్ (పదే పదే వచ్చే చిన్న వరస) ఎత్తుకుంటారు, దాని మీద సోలోలు వాయిస్తారు, మళ్ళీ ఆ రిఫ్‌కే వస్తారు. మరుసటి ఏడాది కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాట ఏడు నిమిషాలు చిల్లర. అందులో బరువైన రిఫ్ ఒక్కసారిగా పరుగందుకుంటుంది, వాయిద్యాలన్నీ కలిసి ఆగి ఆగి ఒకే వరస వాయిస్తాయి, ఇవన్నీ దాటి వచ్చాక అదే రిఫ్ ఇంకోలా వినిపిస్తుంది. ఇక కథ అంటారా, జెథ్రో టల్ 1972లో రెండు వైపులా ఒకే పాటగా చేసిన 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అలాంటి కథల ఆల్బమ్‌ల మీద వ్యంగ్యంగా మొదలైందే. అయినా సంగీతంగా అది నూటికి నూరుపాళ్లు ప్రోగ్.

నేను చూసేది ఒక్కటే. మొదట వినిపించిన వరసకి పాట ముగిసేలోపు ఏమైంది? యెస్ బ్యాండ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' (1972) వినండి. పక్షులు, నీళ్ల చప్పుడుతో మొదలవుతుంది. పల్లవి ఒకసారి వచ్చాక, తర్వాతి భాగంలో వేరే నడక మీద వస్తుంది. మధ్యలో వేగం పూర్తిగా పడిపోయి, లండన్‌లోని ఒక చర్చిలో రికార్డు చేసిన ఆర్గాన్ నిండుగా లేస్తుంది. ఇవన్నీ విన్నాక చివర్లో అదే పల్లవి వస్తే మొదట విన్నప్పటి బరువు కాదు దానిది. 18 నిమిషాలు అందుకు కావాలి. ఊరికే సాగదీసింది కాదు.

జెనెసిస్‌ను ఎలా తీసేస్తారు? అదే ఏడాది వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్'లో 'సప్పర్స్ రెడీ' అనే 23 నిమిషాల పాట ఉంది. చివరికి వస్తూ కింద డ్రమ్స్, బేస్, గిటార్ తొమ్మిది అక్షరాల నడకను పట్టుకుని వదలవు. మన లెక్కలో సంకీర్ణం. పైన టోనీ బ్యాంక్స్ ఆర్గాన్ ఆ లెక్కకి అడ్డంగా తన దారిన తాను పోతూ ఉంటుంది. ఆ బిగువు సడలే చోట పాట మొదట్లోని వరస తిరిగి వస్తుంది. తాళం పాట నిర్మాణంలో భాగమవడం అంటే ఇదీ. అక్కడ డ్రమ్స్ వాయించింది ఫిల్ కొలిన్స్. ఎవరి పాప్ పాటల వల్ల మీ వ్యాసకర్త బ్యాండ్ పేరే తీసేశారో ఆ కొలిన్సే. ఆ పాప్ ఆల్బమ్ 'ఇన్‌విజిబుల్ టచ్' (1986)లో సైతం 'డామినో' అనే రెండు భాగాల పది నిమిషాల పాట ఉంది, వినమనండి.

మహావిష్ణు ఆర్కెస్ట్రా విషయం చెప్పడం నాకు కష్టమే. 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' (1973) నాకు ప్రాణం. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ తర్వాతి కాలంలో ఆ ఆర్కెస్ట్రా నడిపిన గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించారన్న అభిమానం సరేసరి. అయినా ఆ ఆల్బమ్‌లో ఎత్తుకున్న వరస కన్నా దాని మీద అప్పటికప్పుడు అల్లే మనోధర్మమే ప్రధానం. అది జాజ్ పద్ధతి. జాబితాలో లేనంత మాత్రాన అది తక్కువైపోదు, నేను వినడం మానను.

అన్నిటికన్నా బాధ కలిగించింది, కింగ్ క్రిమ్సన్ 1974లో విడిపోవడంతోనే ప్రోగ్‌గా వాళ్ల పని అయిపోయిందని రాయడం. 1981లో వచ్చిన 'డిసిప్లిన్'లో ఏ పాటా పది నిమిషాలు దాటదు, కథా లేదు. కానీ 'ఫ్రేమ్ బై ఫ్రేమ్' పాటలో రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ గిటార్లు రెండూ ఒకే వరసతో బయల్దేరతాయి. ఒకరి వరసలో ఒక స్వరం తగ్గుతుంది. దాంతో రెండూ కొద్దికొద్దిగా విడిపోయి, కొన్ని ఆవర్తాల తర్వాత మళ్ళీ ఎత్తుగడ దగ్గర కలుస్తాయి. దీన్ని ప్రోగ్ కాదని, 1972 నాటి వాయిద్యాల మోతను ఇప్పటికీ అచ్చుగుద్దినట్టు దింపే బ్యాండ్లను ప్రోగ్ అనడం నేను ఒప్పుకోను.

రెండో భాగం వచ్చే ఆదివారం అని వేశారు. దయచేసి అందులో బ్యాండ్ల పేర్లు కాకుండా ఆల్బమ్‌ల పేర్లు, సంవత్సరాలు వేయండి. ఒక్కో ఆల్బమ్‌లో ఏ పాటతో మొదలుపెట్టాలో ఒక వాక్యం రాయించండి. 'డిసిప్లిన్' మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
ఒక మృదంగం మాస్టారు,
రాజమండ్రి