స్ప్రింగులు ఒక్కటే వేసెయ్యమంటే ఎందుకు వెయ్యడం లేదంటే

నమస్కారమండీ. సస్పెన్షన్ కిట్ కోసం అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్లకీ, ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఏళ్ల తరబడి వస్తున్న వాళ్లకీ ఈ సంగతి నా నోటి నుంచే తెలియాలి. ఆ కిట్లు ఇక రావు. వాటిని నాకు ఇచ్చే డీలర్ దగ్గర ఇక కొనను. అడ్వాన్సులు ఈ వారంలోనే అందరికీ వెనక్కి పంపేస్తున్నాను.

మొదటిసారి సస్పెన్షన్ మార్చుకునేవాళ్లకి నేను వేసేది స్ప్రింగులూ, వాటి ఊపుని పట్టి ఆపేలా వాటికి తగ్గట్టు చేసిన షాకబ్జార్లూ కలిసి వచ్చే సెట్టు. ఈసారి లాటులో పెట్టెలు అవే, స్టిక్కర్లు అవే. విప్పితే సరుకు వేరు. గ్యాస్ నింపిన షాకబ్జార్‌ని చేత్తో నొక్కి వదిలితే రాడ్డు తనంతట తానే, ఒకే వేగంతో పైకి రావాలి. వీటిలో కొన్ని నొక్కిన చోటే ఉండిపోయాయి. కొన్ని వేలి మందం మేర ఖాళీగా దిగి, ఆ తర్వాతే ఆయిల్ పట్టు తగిలింది. ఒకదానికైతే కారు ఎక్కకముందే సీలు పక్కన క్రోమ్ రాడ్డు మీద నూనె పొర. ఎడమదీ కుడిదీ పక్కపక్కన నిలబెట్టి నొక్కితే రెండూ రెండు రకాలు. అలాంటివి బిగించుకుని హైవే మీద 100లో లేన్ మారితే ఒక పక్క పట్టి, ఇంకో పక్క వదిలేస్తుంది.

ఫోన్ చేస్తే డీలర్ ఏమన్నాడంటే, "బిగించెయ్యండి, తిరిగితే సెట్టయిపోతాయి." షాకబ్జార్ తిరిగేకొద్దీ అరుగుతుంది, బాగుపడటం ఎక్కడైనా ఉందా? "మీ ఊళ్లో ఇంకెవరూ కంప్లైంట్ చెయ్యలేదే" అని కూడా అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. మిగతావాళ్లు నొక్కి చూశారో లేదో నాకు అనవసరం. నేను చేత్తో నొక్కి చూడనిది నా షెడ్డులో కారు ఎక్కదు. సరుకంతా ట్రాన్స్‌పోర్టులో వెనక్కి పంపాను. నా డబ్బు ఇంకా రాలేదు. అది అతనికీ నాకూ మధ్య సంగతి, మీ అడ్వాన్సుకి దాంతో సంబంధం లేదు.

అసలు నన్ను నిద్రపోనివ్వని విషయం ఇంకొకటి. "అన్నా, కారుని కిందికి దించే గట్టి స్ప్రింగులు బయట దొరుకుతున్నాయి కదా, అవి ఒక్కటే వేసెయ్, షాకులు కంపెనీవే ఉంచు" అని చాలామంది అడిగారు. పనికి పని, లాభానికి లాభం. కుర్రాళ్ల జీతాలు గుర్తొచ్చి సరే అందామా అని చాలా ఆలోచించాను. వెయ్యనని తేల్చుకున్నాను.

స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. కారుని 40 మిల్లీమీటర్లు దించే స్ప్రింగు వేస్తే మిగిలేది 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మన సందుల్లో ఆ లెక్కతో కట్టినవి ఎన్ని ఉన్నాయి? అయినా కింద తగలడం చిన్న సంగతే. గట్టి స్ప్రింగు అణిగి లేచేటప్పుడు తన్నే తన్ను ఎక్కువ. దాన్ని పట్టి ఆపాల్సింది షాకబ్జార్. కంపెనీ షాకు మెత్తటి స్ప్రింగు కోసం చేసింది, ఈ తన్నుని ఆపడం దాని వల్ల కాదు. పైగా కారు దిగడంతో దానికి కిందికి కదిలే చోటు తగ్గి, ఓ మాదిరి గుంతకే బంప్ స్టాప్‌కి, అంటే చివర్లో అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మకి, కొట్టుకుంటుంది. అది మలుపులో జరిగితే ఆ చక్రం దగ్గర సస్పెన్షన్ ఒక్కసారిగా బిగుసుకుపోయి టైరు పట్టు జారుతుంది. ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకే కాలుగా ఉండే అమరిక) ఉన్న కారుని మరీ దించితే, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ కంటే ఎక్కువ దిగిపోతుంది కాబట్టి, మలుపులో ఒరగడం కూడా మీరు అనుకున్నంత తగ్గదు.

"భయపడుతున్నాడు, పక్క షెడ్డులో పూటలో చేసేస్తారు" అని మన వాట్సాప్ గ్రూపులోనే ఒకరు రాశారు. చదివాను, మనసు కష్టపడింది. చేతికొచ్చిన పని వదులుకున్నవాణ్ణి భయస్తుడనడం న్యాయం కాదు.

కారు మలుపుల్లో కుదురుగా ఉండాలన్నదే మీ కోరికైతే, కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది స్ప్రింగులతో కాదు. ముందు టైర్లు, వాటి ప్రెషర్. ఆ తర్వాత చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు. షాకులు నీరసించి ఉంటే కంపెనీ స్పెక్‌వే కొత్తవి, జతలుగా. ఆఖరున అలైన్‌మెంట్. బాగా తిరిగిన కారుకి ఇంతవరకు చేసిచ్చాక చాలామంది కిట్ మాటే ఎత్తలేదు. మా దగ్గర ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు కారు గాల్లో ఉండగా ఇవ్వం. చక్రాలు నేల మీద ఆని, బరువు దిగాకే టార్క్ రెంచి (బిగువు కొలిచి బిగించే పానా) పడుతుంది. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. అందుకే మా దగ్గర కాస్త ఆలస్యం అవుతుంది, అవనివ్వండి.

వేరే కంపెనీ సెట్టు ఒకటి తెప్పించి నా సొంత కారుకి వేసుకున్నాను. ఈ వానాకాలం మొత్తం నడిపాకే మీకు వేస్తాను. ధర అప్పటిదాకా అడగొద్దు. స్ప్రింగులు మార్పించుకునేవాళ్లు ముందుగా ఇన్సూరెన్స్ వాళ్లకి తెలియజెయ్యండి.

అడ్వాన్సు ఇచ్చినవాళ్లందరికీ చెకింగు ఉచితం. వచ్చేముందు కారు కడిగించకండి. షాకబ్జార్ మీద దుమ్ము తడిసి ఉందో పొడిగా ఉందో చూస్తే లీకు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.