నీటి కుంట దగ్గర సైన్సు పాఠం

సంపాదకులకు,

నీటి పురుగుల గురించి పిల్లలు పుస్తకంలోని బొమ్మలు చూసి నేర్చుకుంటే సరిపోదని, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వారిని నీటి కుంట దగ్గరకు తీసుకువెళ్లాలని పాఠశాలలను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

తూనీగను చూడని పిల్లలు అరుదు. కానీ అది రెక్కలు రాకముందు నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ల తరబడి, నీటిలోనే వేటాడుతూ బతుకుతుందని, మడిచి ఉంచుకున్న కింది పెదవిని ఒక్కసారిగా ముందుకు చాచి దోమ లార్వాలను పట్టుకుంటుందని, పొట్ట చివరి నుంచి నీటిని వేగంగా చిమ్ముతూ దూసుకుపోతుందని పాఠంలో చదివితే కలిగే ఆసక్తి వేరు, తెల్లటి పళ్లెంలో కళ్లారా చూస్తే కలిగే ఆశ్చర్యం వేరు. దోమ లార్వా తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి గాలి పీల్చుకుంటే, నీటిలో ఈదే పెంకుపురుగు రెక్కల కింద గాలిని దాచుకొని మునుగుతుంది. ఊపిరి అనే ఒకే అవసరం ఎన్ని విధాలుగా తీరుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే పాఠం నాకు తెలియదు.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. చిన్న వల, పళ్లెం, భూతద్దం చాలు. ఉపాధ్యాయులకు ప్రతి పురుగు పేరూ తెలిసి ఉండాలన్న నియమమూ లేదు, ఎందుకంటే కాళ్లు లెక్కపెట్టడం, కదలికను గమనించి బొమ్మ గీయడం పేరు కంటే ముందు రావలసిన పనులు. అయితే లోతులేని అంచునే ఎంచుకోవాలి, పిల్లలకు తగినంతమంది పెద్దలు తోడుండాలి. వెల్లకిలా ఈదే పురుగులు కుట్టగలవు కనుక వాటిని చేత్తో పట్టుకోనివ్వకూడదు. పరిశీలన ముగిశాక ప్రాణులను తీసిన చోటే వదిలి, చేతులు సబ్బుతో కడిగించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు