చేబదులు

విజయవాడ,
28 సెప్టెంబరు 2024

ఒరేయ్ బావా,

ఉత్తరం చూసి కంగారుపడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోను కూడా పనిచేస్తోంది. కానీ ఈ మాట ఫోన్లో నోటికి రావడం లేదు. మొన్న రెండుసార్లు చేసి, పిల్లల చదువులడిగి పెట్టేశాను. నీకు అనుమానం వచ్చే ఉంటుంది.

ముందు నీ కోపం సంగతి. "సింగ్‌నగర్ మునిగిపోయిందని టీవీలో చూసి తెలుసుకోవాలా నేను? తెనాలి ఏమన్నా అమెరికాలో ఉందా?" అని అరిచావు చూడు, నా దగ్గర జవాబు లేదురా. ఒకటో తారీఖు ఆదివారం లేచేసరికి బుడమేరు వాగు వీధిలోకి వచ్చేసింది. గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి ఇంట్లో నడుం లోతు నీళ్ళు. పై వాటా పిన్నిగారు మెట్ల మీద నుంచి కేకేస్తే వెళ్ళాం. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ వాళ్ళ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఎవరి జోలికీ పోనని గొప్పగా ఉండేది నాకు.

పడవలొచ్చినప్పుడు బాల్కనీ గ్రిల్లు నుంచి తాడుకి బకెట్టు కట్టి దించేవాళ్ళం. దించితే చాలదు, అరవాలి. నాకు గొంతు పెగల్లేదు బావా. మీ చెల్లెలే అరిచింది. నేను చేతులు కట్టుకుని, ఎవరింటికో చుట్టంగా వచ్చినవాడిలా గోడకానుకుని నిలబడ్డాను. పిన్నిగారు ఊరుకోలేదు. "నీ మొహమాటం చూసి పడవ ఆగదు నాయనా" అన్నారు. మూడో రోజు అరిచాను. "పాలు! ఇటు, ఇటు!" అని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రెండు ప్యాకెట్లు తీసుకుని, వెనకింట్లో పసిపిల్ల ఉంది, అటు కూడా వెళ్ళండని చెప్పాను. అది చెప్పడానికైతే అస్సలు మొహమాటం వెయ్యలేదు, చూశావా! అలాగని అందరూ మొహమాటస్తులేం కాదులే. ఎదురు మేడ మీద ఒకాయన వచ్చిన ప్రతి పడవనీ ఆపి, తినగలిగినదానికి మూడింతలు పోగేశాడు. అలా అయిపోతానేమోననే నా భయమంతా.

ఆ రాత్రుళ్ళు కరెంటు లేదు, దోమలు, నిద్ర లేదు. మా నాన్నే గుర్తొచ్చాడు. "ఎవడి ముందూ చెయ్యి చాచకు" అనేవాడు కదా. ఆ ఒక్క మాటే పట్టుకుని బతికాను ఇన్నాళ్ళూ. కానీ వానాకాలం ముందు మా తాటాకిల్లు కప్పించేటప్పుడు వీధంతా మా చూరు కిందే ఉండేది, గుర్తుందా? మీ నాన్న పైనెక్కి కూర్చుంటే మనిద్దరం ఆకులు అందించేవాళ్ళం. వాళ్ళని పిలవడానికి ముందురోజు ఇంటింటికీ తిరిగింది మా నాన్నే. తర్వాతి వారం మీ ఇంటికి ఆయనే వచ్చేవాడు. అది చెయ్యి చాచడం అని ఆయన అనుకోలేదు. నేను ఆయన నోటి మాట విన్నాను గానీ, చేసింది చూడలేదు.

సరే, కొట్టు సంగతి. నీళ్ళు తీశాక ఫైరింజన్ వచ్చి ఇంట్లో బురద కడిగింది. కుట్టు మిషన్లు మాత్రం నేనే విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి వారం రోజులు కుస్తీ పట్టాను. ఒకటి తిరిగింది. తడిసిన జాకెట్టు ముక్కల గురించి ఖాతాదారుల ఇళ్ళకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇద్దరు తిట్టారు, తిట్టరా మరి? ఒకావిడ అటక మీద కాలి మిషను ఉందని గుర్తొచ్చి, "కొన్నాళ్ళు వాడుకోనిస్తారా?" అని అడిగేశాను. అడిగాక చెవులు వేడెక్కాయి. ఆవిడ "దింపుకోగలిగితే తీసుకెళ్ళు, నా నడుం పడిపోయింది" అని లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. అంతే! దానికోసం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు నేను.

కింది వాటా వాళ్ళకి ప్రభుత్వం ఇస్తామన్న 25 వేలూ వచ్చాయి. మంచాలకీ, బండి ఇంజనుకీ, బియ్యానికీ అయిపోయాయి. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మోటారు మాత్రం కాలిపోయింది, అది నా చేతిలో పని కాదు. అది లేకపోతే దసరా బట్టలు ఒప్పుకోలేను. పాతదొకటి 15 వేలకి చూశాను. నా దగ్గర మూడున్నాయి.

బావా, పన్నెండు వేలు చేబదులు కావాలి. ఇందులో సగం క్రిస్మస్ గిరాకీలో, మిగతాది సంక్రాంతికి ఇస్తాను. కుదరకపోతే కుదరదని చెప్పు. పెళ్ళి సంబంధం కాదు కదా, మొహం చాటెయ్యక్కర్లేదు. కొంతే ఉంటే కొంతే పంపు, మిగతా ఇంకెక్కడైనా అడుగుతాను. అడగడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

ఇంకోటి. మోకాలి ఆపరేషను "దగ్గరుండి చూసేవాళ్ళు లేరు" అని వాయిదా వేస్తున్నావని చెల్లెమ్మ చెప్పింది. నన్ను తిట్టినవాడివి నువ్వేనా? దసరా అయ్యాక తేదీ ఖాయం చెయ్యి, పది రోజులు కొట్టు మూసి వస్తాను.

ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. ఈసారి పిల్లల చదువులు అడగను.

నీ
బావ