బ్యాగు తేటగా ఉంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

కిడ్నీలు పనిచేయనివాళ్లకి బ్యాగులోని గ్లూకోజు ఫ్లూయిడ్‌ని పొట్టలోకి ఎక్కించి, అది ఒంట్లోని మలినాల్నీ ఎక్కువైన నీటినీ లాక్కున్నాక బయటికి తీసేస్తారు, అదే ఇంట్లో చేసుకునే పొట్ట డయాలసిస్. దాని గురించి పత్రికల్లో ఎప్పుడు చదివినా రెండే ముక్కలు కనిపిస్తాయి. ఆసుపత్రి చుట్టూ తిరగక్కర్లేదు, చేతులు బాగా కడుక్కోకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది. రెండూ నిజమే. మా నాన్నగారికి రోజుకు నాలుగుసార్లు బ్యాగు మార్చే నేనూ అంతే అనుకున్నాను. ఒక్క ఇన్ఫెక్షన్ కూడా రాకుండానే బయటికొచ్చే నీళ్లు తగ్గిపోతూ, ఆయన కాళ్లు వాచాక గానీ అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. పొట్ట లోపలి పొరే దెబ్బతింటోందట, అందులో మన ఒంట్లో తయారయ్యే ఎంజైముల చెయ్యి కూడా ఉందట.

వీటిని మాట్రిక్స్ మెటలోప్రొటీనేజులు అంటారు. పేరు చూసి కంగారు పడకండి, పొరకు బలమిచ్చే కొలాజన్ అనే ప్రొటీన్‌ని కత్తిరించే కత్తెరలు అనుకుంటే సరిపోతుంది. పాతది తీసేసి కొత్తదానికి చోటివ్వడం వీటి పని, వీటికి కళ్లెం వేసే ప్రొటీన్లూ పక్కనే ఉంటాయి. కానీ పొట్టలోకి ఎక్కించే ఫ్లూయిడ్‌లో గ్లూకోజు రక్తంలో కంటే పది రెట్లకు పైనే ఉంటుంది, పైగా ఆ ఫ్లూయిడ్‌ని వేడితో స్టెరిలైజ్ చేసేటప్పుడు కొంత గ్లూకోజు విరిగి పొరకు పడని పదార్థాలు పుడతాయి. రోజూ ఇవి తగిలి తగిలి పొరమీది కణాలు రేగిపోయి కత్తెరల్ని ఎక్కువగా వదులుతాయి. ఆ కణాల కింద చాపలా పరుచుకుని ఉండే నాలుగో రకం కొలాజన్‌ని ఎమ్‌ఎమ్‌పీ-2 అనే కత్తెర కోస్తుంది. చాప చిరిగాక కణాలు రూపం మార్చుకుని లోపలికి జారి, అక్కడ పీచులాంటి కొలాజన్ పేరుస్తాయి. కోసే ఎంజైము ఉంటే పొర పలచబడాలి గానీ మందమవడమేంటని నేనూ అడిగాను, అదీ జవాబు. కొత్త రక్తనాళాలూ పుడతాయి, దాంతో గ్లూకోజు గబగబా రక్తంలోకి పోయి నీటిని లాగే బలం మిగలదు.

ఇక పెరిటోనైటిస్, అంటే ఆ పొరకు ఇన్ఫెక్షన్ వచ్చిందా, తెల్లకణాలు గుంపులుగా వచ్చి ఎలాస్టేజ్, ఎమ్‌ఎమ్‌పీ-9 అనే మరో రెండు కత్తెరల్ని కుమ్మరిస్తాయి. వాటికి క్రిమి ఏదో మన పొర ఏదో తేడా తెలియదు. నీళ్లు మబ్బుగా వస్తే రేపు చూద్దాంలే అనకూడదనేది అందుకే.

నా బాధల్లా ఒకటే. నీళ్లు తక్కువొస్తున్నాయని ఫోన్ చేసిన ప్రతిసారీ గ్లూకోజు బాగా ఎక్కువుండే 4.25 శాతం బ్యాగు వేయమన్నారు, వేశాం. అది అవసరమయ్యే రోజులుంటాయి, కాదనను. కానీ ఉప్పు తగ్గిస్తే అంత స్ట్రాంగ్ బ్యాగు అక్కర పడేది కాదేమోనని, గ్లూకోజు తక్కువ విరిగేలా రెండు అరలతో చేసిన బ్యాగులున్నాయని, ఎక్కువ గంటలు లోపల ఉంచే బ్యాగుకి గ్లూకోజు బదులు వాడే ఐకోడెక్స్‌ట్రిన్ ఉందని, పొర ఎలా పనిచేస్తోందో చూసే పెట్ అనే పరీక్ష ఉందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే డాక్టరుగారిని అడిగేవాళ్లం కదా. మీ ఆరోగ్యం పేజీలో ఈసారి వీటి గురించీ రాయించండి.

బయటికి తీసిన బ్యాగు కింద న్యూస్‌పేపర్ పెట్టి, అక్షరాలు చదవగలిగితే నీళ్లు బాగున్నట్టే అని నర్సమ్మ నేర్పింది. మీ పేపరే పెట్టేవాళ్లం. అక్షరాలు చివరిదాకా శుభ్రంగానే కనిపించాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు