పాత తోలు బ్యాగులకు పూర్తి రంగు ఇక వేయను: ఎందుకో, మీరు ఇంట్లో ఏం చేసుకోవచ్చో

నమస్కారం అండి. ఈ దసరా తర్వాత వచ్చే పాత తోలు హ్యాండ్‌బ్యాగులకు పైనుంచి కింద దాకా కొత్త రంగు వేసే పని మానేస్తున్నాను. విడిన కుట్లు, జిప్పులు, పట్టీలు, లోపలి లైనింగు, బూజు వదిలించడం, ఎండిపోయిన తోలుకు మళ్లీ మెత్తదనం తేవడం మాత్రం ఎప్పటిలాగే విశాఖలో మా ఇంట్లోనే చేస్తాను. మానేసేది ఆ ఒక్క పనే. కానీ మీలో ఎక్కువమంది అడిగేది అదే, నాకు ఎక్కువ డబ్బులొచ్చేదీ దానిమీదే. అందుకే కారణం దాచకుండా చెప్పాలనుకుంటున్నాను.

"మా అమ్మగారి బ్యాగండీ, కొత్తదానిలా చేసి పెట్టండి" అని ఫోన్ చేస్తారు. తీరా బ్యాగు వచ్చాక చూస్తే అది కలకత్తా వైపు వెళ్లినవాళ్లు కొనుక్కొచ్చే శాంతినికేతన్ బ్యాగు. పల్చటి మేక తోలు మీద అచ్చు ఒత్తి, బాటిక్ పద్ధతిలో రంగులద్దినది. లేదంటే 1978లో పుదుచ్చేరిలో మొదలైన హైడిజైన్ వాళ్ల తొలినాళ్ల బ్యాగు. ఈమధ్య అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పాత వస్తువుల దుకాణాల్లో ఏరి తెచ్చే కోచ్ అనే అమెరికా కంపెనీ బ్యాగులూ వస్తున్నాయి. పాత కోచ్ బ్యాగుల్లో చాలావాటికి లోపల లైనింగే ఉండదు. మందపాటి తోలు, ఇత్తడి కొక్కెం, అంతే. నా దగ్గరికి వచ్చే ఇలాంటి బ్యాగుల్లో చాలావాటి తోలు మీద పూత ఉంటే పల్చగా ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. వాడేవాళ్ల చేతి తడి, వెలుతురు, ఇన్నేళ్ల కాలం తిన్నగా తోలులోకి దిగి రంగు ముదిరి ఉంటుంది. మచ్చ అని మీరు చూపించేదాంట్లో సగం ఇదే. దాని మీద రంగు పోయమంటే నా చెయ్యి రావడం లేదు.

తోళ్లు పదును చేయడంలో, అంటే పచ్చి తోలు కుళ్లకుండా వాడకానికి తేవడంలో, పెద్ద దారులు రెండు. ఒకటి చెట్ల బెరడులో, కాయల్లో ఉండే వగరుతో. రెండోది క్రోమియం లవణాలతో. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ పేటెంటు తీసుకున్నాక రెండో దారి ఊపందుకుంది. ఇవాళ బజారులో దొరికే తోలులో అత్యధిక భాగం అదే. మన దక్షిణాదిలో మొదటి దారికి ఆధారం తంగేడు చెక్క. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. దాని బెరడుతో పదును చేసి, చివర కరక్కాయ నీళ్లలో వేసి తీసిన తోళ్లు మద్రాసు నుంచి ఓడల్లో ఇంగ్లండు వెళ్లేవి. వ్యాపారంలో వాటిని ఈస్టిండియా తోళ్లు అనేవారు. తంగేడుతో చేసిన తోలు వెలుతురుకి ఎర్రబారుతుంది, ఆ ఎరుపును అదుపులో ఉంచడానికే కరక్కాయ. తర్వాత ఆఫ్రికా నుంచి దిగుమతైన తుమ్మజాతి చెట్ల బెరడు సారం తంగేడు స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలా చెట్ల వగరు తాగిన తోలుకు రంగు మారడం రోగం కాదు, దాని స్వభావం.

పూర్తి రంగు అంటే తోలులోకి ఇంకేది కాదండి. అక్రిలిక్ బంకలో కలిపిన రంగు పొర, పైన కూర్చుంటుంది. అది నిలబడాలంటే ముందు పాత పూతనీ, ఏళ్లుగా పట్టిన జిడ్డునీ ద్రావకంతో తుడిచెయ్యాలి, గరుకు కాగితంతో రుద్దాలి. అప్పుడు పోయింది మళ్లీ రాదు. పైగా తోలు సహజమైన గీతలు, రంధ్రాలు ఆ పొర కింద మూసుకుపోతాయి. ఫోటోలో చూస్తే నిజంగానే కొత్తదానిలా ఉంటుంది. కానీ మూత మడతపడే చోట, పట్టీ వంగే చోట పొర చిట్లుతుంది. చిట్లినచోట మళ్లీ వేయాలి, ఇంకా మందమవుతుంది, ఇంకా తొందరగా చిట్లుతుంది. ఒకసారి రంగులోకి దిగిన బ్యాగు జీవితాంతం రంగు డబ్బా మీద ఆధారపడాల్సిందే. ఫ్యాక్టరీలోనే మందంగా రంగు పూత వేసి పంపిన బ్యాగుల సంగతి వేరు. వాటి మూలలు చెరిగితే అంతమేరకు రంగు కలిపి దిద్దడం సరైన పనే, అది చేస్తూనే ఉంటాను.

మీ బ్యాగు ఏ రకమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అడుగున కనిపించని చోట ఒక నీటి బొట్టు వేసి చూడండి. ఇంకిపోయి అక్కడ ముదురు రంగు తేలితే పూత లేని తోలు. బొట్టు బొట్టులాగే నిలబడితే పూత ఉంది. ఇక పై పొర పెచ్చులుగా ఊడుతూ, కింద గుడ్డ అల్లిక కనిపిస్తుంటే అది తోలు కాదు, గుడ్డ మీద పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత. గాలిలోని తేమ ఆ ప్లాస్టిక్ పొరను లోపల్నుంచే విరగ్గొడుతుంది. వాడకుండా బీరువాలో దాచినా ఊడుతుంది. దానికి ఏ క్రీమూ పనిచేయదు. ఎంత ప్రేమగా దాచుకున్నదైనా సరే, అలాంటి బ్యాగు నాకు పంపకండి. పార్సిల్ ఖర్చు దండగ.

ఇప్పుడు బూజు. వర్షాకాలం మొదలైన దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ దీనిగురించే. గాలిలో తేమ 65-70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే తోలు మీద బూజు పడుతుంది. మన కోస్తాలో అది మామూలే. కానీ తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. తోలులోని కొవ్వు పైకి తేలి గడ్డకట్టినా తెల్లటి పొరలాగే ఉంటుంది. హెయిర్ డ్రయర్ గోరువెచ్చగా, దూరం నుంచి కొన్ని క్షణాలు చూపించండి. కరిగి మాయమైతే కొవ్వు, అలాగే ఉంటే బూజు. కొవ్వయితే మెత్తటి గుడ్డతో తుడిస్తే సరి.

బూజయితే బ్యాగును ముందు గది బయటికి తీసుకెళ్లండి, లోపల దులిపితే పక్క బ్యాగులకు అంటుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీడలో, పొడి బ్రష్షుతో కుట్ల సందుల దాకా దులపండి. తర్వాత మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ కొస తడిపి, పిండి, తేలిగ్గా తుడవండి. ముందు కనిపించని చోట పరీక్షించాలి, పొయ్యి దగ్గర చేయకూడదు. శాంతినికేతన్ బ్యాగుల మీద అసలు వద్దు, అద్దిన రంగులు లేచిపోవచ్చు. వాటికి పొడి బ్రష్షు, గాలి, ఓపిక చాలు. ఎండలో మాత్రం ఏ బ్యాగూ పెట్టకండి. తడిసిన తోలుకు వేడి తగిలితే పీచు ముడుచుకుపోతుంది, దాన్ని మళ్లీ సాగదీయడం ఎవరివల్లా కాదు. లైనింగు గుడ్డలోకి బూజు దిగి వాసన వదలకపోతే, అప్పుడు నాకు పంపండి, లైనింగు మార్చేస్తాను.

మామూలు మురికికి తడిపి గట్టిగా పిండిన కాటన్ గుడ్డే చాలాసార్లు సరిపోతుంది. ఒంటి సబ్బు, వంటసోడా, టూత్‌పేస్టు వద్దు. తోలు స్వతహాగా కాస్త ఆమ్ల గుణం ఉన్నది, మామూలు సబ్బు దానికి ఎదురు, క్షార గుణం ఉన్నది, పీహెచ్ 9-10 దాకా ఉంటుంది. సోడా, పేస్టు కూడా ఆ వైపువే. తుడిచిన రోజు మెరిసినా తర్వాత బిరుసెక్కుతుంది. పాత కోచ్ బ్యాగుల్ని నీళ్ల తొట్టిలో ముంచి తీసే పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడి పొడి గదుల్లో ఆరిపోతాయేమో గానీ, ఇక్కడ జూలైలో ముంచితే ఆరేలోపే బూజు మొదలవుతుంది. మానుకోండి.

కొబ్బరినూనె గురించి గట్టిగానే చెప్తాను. దయచేసి రాయకండి. రాయగానే తోలు నల్లబడుతుంది, ఆ నలుపు సమానంగా ఉండదు. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె కాబట్టి ఏసీ గదిలో, హైదరాబాద్ చలికాలంలో తెల్లగా పైకి తేలుతుంది. మెల్లగా ముక్కవాసన కూడా వస్తుంది. వంటింటి నూనెలు ఏవైనా ఇంతే. తోలుకోసమే తయారైన కండిషనర్ వేలికొసంత తీసుకుని, గుడ్డకు రాసి, ఆ గుడ్డతో బ్యాగు మొత్తం పల్చగా తడమండి. ఒక రాత్రి వదిలేసి, తోలు ఇంకా పొడిగా అనిపిస్తేనే రెండోసారి. ఎక్కువైతే తోలు సాగి, బ్యాగు ఆకారం జారిపోతుంది. బూట్ల పాలిష్ కూడా వద్దండి. బూటు దేనికీ రాసుకోదు, బ్యాగు మాత్రం నడుముకి, చీరకి రాసుకుంటూనే ఉంటుంది. పట్టుచీరకు అంటిన మైనం మరక వదిలించడం బ్యాగు బాగుచేయడంకన్నా కష్టం.

ఇత్తడి కొక్కేల చుట్టూ ఆకుపచ్చగా పేరుకునేది తోలులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి ఏర్పడేది. ఇత్తడి కదా అని చింతపండుతో తోమకండి, ఆ పులుసు తోలులోకి దిగి మచ్చ పడుతుంది. పళ్లపుల్లతో గీకి, పొడి టూత్‌బ్రష్షుతో దులిపితే వచ్చేస్తుంది.

కుట్టు విడితే మామూలు మిషన్ మీద వేయించొద్దు. మిషన్ సూది పాత రంధ్రాల పక్కన కొత్తవి పొడుస్తుంది, ఆ వరుస వెంబడే తోలు చిరుగుతుంది. నేను మైనం పట్టించిన పాలిస్టర్ దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, పాత రంధ్రాల్లోంచే కుడతాను. ప్రతి రంధ్రంలో దారం రెండుసార్లు వెళ్తుంది కాబట్టి ఒకవైపు తెగినా రెండోవైపు పట్టి ఉంచుతుంది. నెమ్మదైన పని. ఓపిక ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లో నేర్చుకోగలరు, మూసుకుపోయిన రంధ్రం తెరవడానికి తప్ప ఆరె (తోలుకు రంధ్రం పొడిచే పనిముట్టు) కూడా అక్కర్లేదు. నాకిష్టమైన పని ఇదే. ఇకమీదట నా సమయంలో ఎక్కువ దీనికే ఇవ్వాలని ఉంది.

ఒక రకం బ్యాగు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతుంటే, చెట్ల వగరుతో పదునైన తోలు గాలిలోని గంధకపు కాలుష్యం వల్ల ఏళ్లుగా ఆమ్లం పట్టి లోపలే చివికిపోయిందని అర్థం. పాత గ్రంథాలయాల్లో తోలు బైండింగు పుస్తకాలకు పట్టేది ఇదే జబ్బు. పొడి రాలకుండా గట్టిపరిచే మందు రాయగలను, అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చు. భుజాన వేసుకుని బజారుకు మాత్రం వెళ్లలేరు.

ధరలు: శుభ్రం చేసి కండిషనర్ పట్టించడానికి 900 రూపాయలు, జిప్పు మార్చడానికి 700 నుంచి, లైనింగు మార్చడానికి 1,500 నుంచి. చేతికుట్టు అంగుళానికి 60. కుట్టు ధర ఇప్పుడు పెంచాను, రంగు పని మానేసినప్పుడు తగ్గే రాబడిలో కొంతైనా పూడాలి కాబట్టి. పెళ్లిళ్ల సీజన్‌లో ఆలస్యం అవుతుంది, తేదీ ముందే చెప్తాను.

పూర్తి రంగుకోసం ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు నేనే ఫోన్ చేస్తాను. మీ బ్యాగును శుభ్రం చేసి, కండిషనర్ పట్టించి, పగటి వెలుతురులో తీసిన ఫోటో పంపిస్తాను, దానికి డబ్బులు తీసుకోను. అది చూశాక కూడా రంగే కావాలంటే, మాట ఇచ్చాను కాబట్టి వేసి ఇస్తాను. వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం వెనక్కి పంపేస్తాను.

కొత్తగా పార్సిల్ పంపేవాళ్లు బ్యాగును ప్లాస్టిక్ కవర్లో బిగించకండి, దారిలోనే చెమరుస్తుంది. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, లోపల అచ్చులేని తెల్ల కాగితం కూరి, అట్టపెట్టెలో పెట్టండి. ఆ బ్యాగుకు ఇంతకుముందు ఏమేం రాశారో ఒక చీటీ మీద రాసి పెట్టండి. కొబ్బరినూనె రాసి ఉంటే అదీ రాయండి, నేనేం అనుకోను. ఎంత జిడ్డు లాగాలో ముందే తెలిస్తే ఆ బ్యాగును వేరే వరుసలో మొదలుపెడతాను.