నక్కవాగు నమూనా కోర్టులో నిలవాలంటే

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలతో నక్కవాగుకు పట్టిన కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కణ్ణుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. ఆదేశాలకు కొదవ లేదు. కేసు వీగిపోయే చోటు మాత్రం చాలా చిన్నది: పరిశ్రమ వదిలే నీటిని పరీక్షకు పట్టే నమూనా సీసా.

1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా తీసే చోటే పరిశ్రమ యాజమాన్యానికి నోటీసివ్వాలి. వారి ఎదుటే నీటిని రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. వాళ్లు కావాలనే తప్పుకుంటే అధికారి సంతకం చాలు, కానీ ఆ సంగతి విశ్లేషకుడికి రాతపూర్వకంగా తెలపాలి. ఇందులో ఏది తప్పినా ల్యాబు నివేదిక సాక్ష్యంగా చెల్లదు.

సీఓడీ (నీటిలోని వ్యర్థాలను రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) సీసాలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 2 కంటే తగ్గేదాకా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపాలి. బీఓడీ (సూక్ష్మజీవులు ఆ వ్యర్థాలను తినడానికి వాడే ఆక్సిజన్ కొలత) సీసాలో ఆమ్లం పడకూడదు, పడితే సూక్ష్మజీవులు చచ్చి అంకె తక్కువొస్తుంది. దాన్ని ఐసులో పెట్టి 24 గంటల్లోపు పరీక్షకు ఎక్కించాలి. ఒకే క్యానులో నింపి రెండు పరీక్షలూ చేయమంటే ఎలా?

పరిమితులు (వాగులోకి వదిలే నీటికైతే బీఓడీ లీటరుకు 30, సీఓడీ 250 మిల్లీగ్రాములు) మంచినీళ్లు కలిపినా అందుతాయి. అందుకే శుద్ధి ప్లాంటు కరెంటు మీటరు రీడింగు, ఫ్లోమీటరు (పారిన నీటిని కొలిచేది) లెక్క పక్కపక్కన పెట్టి చూడాలి. శుద్ధి ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లు తిరగని రోజు బీఓడీ బాగుందంటే నమ్మేదెవరు? ఆన్‌లైన్ సెన్సర్ కాలువలో ఉందో, మంచినీళ్ల బకెట్లో ఉందో కూడా చూడాలి.

ప్లాంటు నడపని పరిశ్రమను మూసేయించే, కరెంటు తీయించే అధికారం 33ఏ సెక్షన్ మీకే ఇచ్చింది. వర్షం కురిసే రాత్రుల్లోనూ తనిఖీలు వేయించండి. పంచనామా ప్రతిని మర్నాడే వెబ్‌సైట్‌లో పెట్టించండి.

ఇట్లు,
నక్కవాగు, మంజీర పరీవాహక ప్రాంత వాసులు