వార్డులో శ్వాస లెక్కపెట్టేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రుల్లో ఐసీయూ పడకలు పెంచాలంటూ ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. పెంచాల్సిందే, కాదనను. కానీ జనరల్ వార్డుల్లో హెడ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఒక విషయం చెప్పాలనిపించింది. ఐసీయూకి పరుగెత్తించే రోగుల్లో చాలామంది అంతకుముందు గంటల తరబడి వార్డులోనే, అందరి కళ్లెదుటే దిగజారుతూ ఉంటారు. ఆసుపత్రిలో ఉండగా గుండె ఆగిపోయినవారి రికార్డులను అమెరికా డాక్టర్లు పరిశీలించి 1990లో ఒక వ్యాసం ప్రచురించారు. నూటికి 84 మందికి ఆ ముందు 8 గంటల్లోనే పరిస్థితి దిగజారినట్టో, కొత్త బాధ ఏదో చెప్పినట్టో కేస్ షీట్లలో రాసే ఉంది. అంటే ఎవరో చూశారు, రాశారు కూడా. కదిలినవాళ్లే లేరు.

ఒంట్లో తేడా వస్తే చాలాసార్లు ముందుగా మారేది శ్వాస. చార్టులో అన్నిటికన్నా అశ్రద్ధగా నింపే గడి కూడా అదే. బీపీకి మిషన్ ఉంది. ఆక్సిజన్‌కు వేలి క్లిప్పు ఉంది, నాడి కూడా అదే చూపిస్తుంది. శ్వాసను మాత్రం మనిషే లెక్కపెట్టాలి, అదీ వాచీ చూసుకుంటూ నిండు నిమిషం. వార్డు నిండా రోగులు, ఇద్దరే సిస్టర్లు అయితే ఆ నిమిషం ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే చార్టు తీస్తే ఆ వరుసలో పైనుంచి కిందిదాకా 20, 20, 20. మంచాల మీద ఉన్నవాళ్లంతా కూడబలుక్కుని ఊపిరి తీస్తున్నట్టు!

డ్యూటీలో కొత్తగా చేరిన నర్సు పిల్లలకు నేనొకటి నేర్పేదాన్ని. నాడి చూస్తున్నట్టు రోగి మణికట్టు పట్టుకోండి, ఆ చేతిని అలాగే అతని ఛాతీ మీద ఆనించండి, లెక్క మాత్రం ఊపిరిది పెట్టండి. మనం ఊపిరి చూస్తున్నామని తెలిస్తే మనిషి తనకు తెలియకుండానే దాన్ని మార్చేస్తాడు.

పేగు ఆపరేషన్ అయిన ఒకాయన నాకు బాగా గుర్తు. మూడో రోజు రాత్రి. నాడి 104, పై బీపీ 108, ఆక్సిజన్ 95, జ్వరం 100. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానికీ డాక్టర్‌ను నిద్రలేపాలనిపించదు. శ్వాస గడిలో మామూలుగానే 20. మా స్టాఫ్ నర్సు ఒకమ్మాయి పక్కన నిలబడి లెక్కపెడితే 26 వచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుంటున్నాయి, ఒక వాక్యం పూర్తి చెయ్యడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతున్నాడు. ‘ఆక్సిజన్ బాగానే ఉందిగా’ అన్నారెవరో. అది బాగుండటానికే కదా పాపం అతను అంత ఆయాసపడుతున్నది.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంస్థ, రోగి దిగజారుతుంటే ముందే హెచ్చరించే ‘న్యూస్’ అనే స్కోరును 2012లో తెచ్చింది, 2017లో సవరించింది. శ్వాస, ఆక్సిజన్, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఈ ఆరింటికీ సున్నా నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో 2 కలుపుతారు. (పదహారేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇది వాడకూడదు.) దీని ప్రకారం మా రోగికి నాడికి 1, బీపీకి 1, ఆక్సిజన్‌కు 1. శ్వాస 20 అనుకుంటే సున్నా, మొత్తం 3. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే సరిపోయే కేసన్నమాట. నిజంగా ఉన్న 26 రాస్తే ఆ ఒక్కదానికే 3, మొత్తం 6. మొత్తం 5 వచ్చిందంటే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, కనీసం గంటకోసారి అన్నీ కొలవాలి. 7 వస్తే ఎమర్జెన్సీ. ఆయనకు లోపల పేగు కుట్టు లీకైందని ఆ రాత్రే తేలింది. మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు, బతికాడు.

అలాగని చార్టు మారిస్తే చాలదు. పరిస్థితి విషమిస్తే పరుగెత్తుకొచ్చే ప్రత్యేక టీమ్‌ల మీద ఆస్ట్రేలియాలో 23 ఆసుపత్రుల్లో అధ్యయనం చేసి 2005లో ఫలితాలు ప్రకటించారు. టీమ్ ఉన్న చోటికీ లేని చోటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లక్షణాలు కనిపించినా చాలామంది రోగులకు ఆ టీమ్‌ను పిలవనేలేదని కూడా అందులోనే ఉంది. ఎందుకు పిలవరో నన్నడగండి. రాత్రి రెండింటికి ఫోన్ చేసి ‘ఇంతమాత్రానికే లేపుతావా’ అని ఒకసారి తిట్లు తిన్న నర్సు, ఇంకోసారి తెల్లారేదాకా ఆగుదాంలే అనుకుంటుంది. హౌస్ సర్జన్ తన పైవాళ్లకు భయపడతాడు, ఆ పైవాళ్లు పెద్ద డాక్టర్‌కు భయపడతారు. ఈ టెన్షన్ పోగొట్టకుండా ఎన్ని మానిటర్లు కొన్నా దండగే.

రోగి పక్కన కూర్చున్నవాళ్ల మాట కూడా ఎవరికీ పట్టదు. మనిషి కొత్తగా తికమకపడుతుంటే దానికి 3 మార్కులు వెయ్యాలని 2017 సవరణలో చేర్చారు. నిన్నటికీ ఇవాళ్టికీ మాటలో తేడా పట్టగలిగేది అప్పుడే డ్యూటీకి వచ్చిన డాక్టరా, రాత్రంతా మేలుకున్న భార్యా? ఇంగ్లండ్‌లో 13 ఏళ్ల మార్తా మిల్స్ 2021లో ఆసుపత్రిలో ఉండగా సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతిని, చనిపోయింది. తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు, డాక్టర్లు వినలేదు. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. ఆ తర్వాతే, మా మనిషికి బాగోలేదని కుటుంబమే నేరుగా వేరే టీమ్‌ను పిలిపించుకునే వీలు ‘మార్తాస్ రూల్’ పేరుతో 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో మొదలైంది.

ఆసుపత్రులు నడిపేవారిని నేను అడిగేది ఖర్చు లేని పని. డ్యూటీ డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చెయ్యాలి, ఆయనా ఎత్తకపోతే ఎవరికి అన్నది పేర్లు, నంబర్లతో సిస్టర్ల టేబుల్ మీద అతికించండి. పిలిచాక ఏమీ లేదని తేలినా కసురుకోకూడదని పెద్ద డాక్టరే అందరి ముందు చెప్పాలి. రోగి వెంట ఉండేవారికి కూడా ఒక మాట. ‘ఏదో తేడాగా ఉందండీ’ అని ఊరుకోకండి. ‘పొద్దున నన్ను గుర్తుపట్టాడు, ఇప్పుడు పట్టడం లేదు, ఒకసారి ఊపిరి లెక్కపెట్టండి సిస్టర్’ అని అడగండి. విసుక్కుంటే పది నిమిషాలాగి మళ్లీ అడగండి.

– ఒక రిటైర్డ్ హెడ్ నర్సు